కంప్యూటరు మేల్కొననపుడు



సంజవేళ కాకమునుపే వత్తియు, నూనెయు, అగ్గిపెట్టెయు చేతికందుచోట నుంచుకొనుట మన తల్లులు మనకు నేర్పిన మొదటి పాఠములలో నొకటి. చీకటి పడిన పిమ్మట అగ్గిపెట్టెకై గోడలు తడుము ఇల్లాలిని జూచి పెద్దలు నవ్వుదురు. అట్టి నవ్వునకు నేను గడచిన వానకాలములో పాత్రురాలనైతిని. అది దీపమునుగూర్చి కాదు, మా యింటి కంప్యూటరునుగూర్చి. నాకు కలిగిన కష్టమును, అందుండి నేను నేర్చినదానిని దాచక చెప్పినచో మీలో నొక్కరికైనను మేలు కలుగునని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

“కంప్యూటరు మగవారి వస్తువు, లేక పిల్లల వస్తువు, దానితో మనకేమి పని?” యని కొందరు తలపవచ్చును. కాని యిప్పుడు మన యిండ్లలో పిల్లల చదువు పత్రములు, భూమి కాగితముల నకళ్లు, పెండ్లి ఫొటోలు, పెద్దల పింఛను కాగితములు ఏ పెట్టెలో నున్నవి? ఆ కంప్యూటరులోనే కదా. ఇనుపపెట్టె తాళపుచెవిని కొంగున ముడివేసికొన్న ఇల్లాలు ఈ పెట్టె తాళమును మాత్రము ఎరుగకుండుట తగునా?

మాది గోదావరిఖని. మా మామగారు సింగరేణి బొగ్గుగనులలో ముప్పది నాలుగేండ్లు భూగర్భమున పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. నా భర్త బడిపంతులు. నేను బడికి పోయి చదివినదానను కాను. నా తండ్రిగారు ఇంటియందే అమరమును, భారత భాగవతములను చెప్పిరి. కంప్యూటరుపై తెలుగు వ్రాయుట మాత్రము నా భర్తవద్ద నేర్చితిని. ఆ నేర్పునకు తగిన పని దొరికినది మా అత్తగారి వలన. ఆమె అక్షరము లెరుగరు. కాని బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, విసురురాతి పాటలు ఆమె నోట ధారగా వచ్చెడివి. రెండు శీతకాలములు ఆమె పాడగా నేను వ్రాసి, మొత్తము నూట పండ్రెండు పాటలను ఆ యంత్రములో చేర్చితిని. వానిలో పెక్కు పాటలు ఆమె తన తల్లివద్ద విన్నవి. మరియొకచోట నేనెన్నడును వినలేదు. ఆ మరుసటి యేడు ఆమె స్వర్గస్థురాలయ్యెను. ఆ పాటలకు రెండవ ప్రతి తీయవలెనని నేను పలుమారులు అనుకొంటిని. అనుకొనుటతోనే కాలము గడచెను.

శ్రావణమున నొకనాటి సాయంకాలము యంత్రము తనంతట తాను నవీకరణము చేసికొనుచు, ఆ పని ముగియువరకు తన్ను ఆపవలదని తెరపై వ్రాసి చూపుచుండెను. అంతలో ఉరుములు మెరుపులతో వాన వచ్చి కరెంటు పోయెను. కరెంటు పోయినను కొంతసేపు యంత్రమును నిలుపు బ్యాటరీపెట్టె, అనగా యూపీఎస్, మా యింట కలదు. కాని దాని బ్యాటరీ చెడి ఆరు నెలలాయెను. “పండుగ కాగానే కొందము” అని వాయిదా వేసినది నేనే. కరెంటు వచ్చిన పిదప మీట నొక్కితిమి. కంపెనీ గుర్తు కనబడెను. దాని క్రింద చుక్కలు గుండ్రముగా తిరిగెను. పిమ్మట నీలితెర వచ్చి, యంత్రము తనంతట తానే ఆగి, మరల మొదటినుండి యదే తంతు. పదిమార్లు అట్లే జరిగెను. నిద్రలో కలవరించి లేవబోయి మరల పడిపోవువానివలె ఉండెను దాని స్థితి.

మరునాడు నా భర్త దానిని ఒక దుకాణమునకు గొనిపోయిరి. అచటివారు రెండు నిమిషములు చూచి, “ఫార్మాట్ చేయవలెను సార్, లోపలివన్నియు పోవును, సాయంకాలమున కిచ్చెదము” అనిరట. ఫార్మాట్ అనగా పలకను తుడిచినట్లు అంతయు తుడిచివేయుట. ఆ మాట ఇంటికి ఫోనులో చెప్పగానే నాకు కాళ్లు చేతులు ఆడలేదు. “ముట్టుకొనవలదని చెప్పుడు, వెనుకకు తెండు” అంటిని. యంత్రము ఇంటికి వచ్చెను. కాని పిమ్మట ఏమి చేయవలయునో ఇంటిలో నెవ్వరికిని తెలియదు.

ఇచ్చట నొక సంగతి చెప్పవలెను. కంప్యూటరు లేచుటను “బూట్” అందురు. ఇంగ్లీషువారిలో తన బూటు పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట యను సామెత కలదు; ఆ మాటనుండియే యీ పేరు వచ్చినది. మన శాస్త్రకారులు దీనినే మరియొక విధముగా చెప్పిరి: ఎంత శిక్షణ పొందిన నటుడైనను తన భుజముపై తానెక్కజాలడు. కంప్యూటరు దినదినమును చేయబూనునది ఈ అసాధ్యకార్యమే. దానిని నడపు విండోస్ వంటి వ్యవస్థ డిస్కులో నిద్రించుచుండును. దానిని లేపుటకు మదర్‌బోర్డుపైనున్న చిన్న చిప్పులో ఒక ఆదిపాఠము వ్రాయబడి యుండును. మీట నొక్కగానే ఆ పాఠము మేల్కొని, తన అవయవములను పరీక్షించుకొని, డిస్కులోని ప్రారంభపు పుటను వెదకి, ఆ పుట చెప్పినచోటనుండి పూర్ణవ్యవస్థను లేపును. ఒకరి నొకరు లేపుకొను గొలుసు ఇది. గొలుసులో నొక కొక్కెము తెగినచో పైదానిని లేపువారుండరు. లోపలి వస్తువులన్నియు క్షేమముగనే యుండవచ్చును. తలుపు తీయువాడు మాత్రము లేడు.

ఈ మాట మీరు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను: మేల్కొనని యంత్రము మరణించిన యంత్రము కాదు. అందు వ్రాసిపెట్టినవి పోయినవని యర్థము కాదు.

అట్టి సమయమున బయటినుండి మరియొక చిన్న వ్యవస్థను తెచ్చి, దాని సాయముతో యంత్రమును లేపి, లోపలి లోపమును దిద్దవలెను. ఆ చిన్న వ్యవస్థను మోసికొని వచ్చునదే రిపేరు డిస్కు. తన భుజము తానెక్కలేనివానికి మరియొకరు భుజమిచ్చుట వంటిది. పూర్వము ఇది సీడీ, డీవీడీల రూపమున నుండెడిది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి సీడీయే మూలము. మరమ్మతు సాధనమును ఆ సీడీలోనే యుండెను. తరువాత కంప్యూటర్లు చేయు కంపెనీలు కొన్ని సీడీ ఇచ్చుట మాని, మరమ్మతు సామగ్రిని ఆ యంత్రపు డిస్కులోనే ఒక మూల దాచి అమ్మసాగినవి. ఇది పెట్టె తాళపుచెవిని పెట్టెలోనే యుంచి తాళము వేసినట్లున్నది. డిస్కు బాగున్నంతవరకు అదియు పనిచేయును. డిస్కే చెడినచో చెవియు దానితోడనే పోవును. 2009లో వచ్చిన విండోస్ 7లో, ఇంటివారే ఖాళీ డిస్కు పెట్టి రిపేరు డిస్కును తయారుచేసికొను ఏర్పాటు చేసిరి. ఇప్పుడు డిస్కు పెట్టు గూడు లేని యంత్రములే మెండు గనుక, పెన్‌డ్రైవే ఆ పని చేయుచున్నది. పేరు మాత్రము డిస్కు అనియే నిలిచినది.

మా పొరుగింట నొక కార్మికుని కుమార్తె పాలిటెక్నిక్ చదువుచున్నది. ఆమె మా గోడు విని, తమ యింట నెప్పుడో చేసిపెట్టిన డిస్కు నొకదానిని వెదకి తెచ్చెను. దానిని పెట్టగా యంత్రము లేచినది; మాకు ప్రాణము లేచి వచ్చెను. కాని మరమ్మతు అనగానే, ఈ సాధనము నీ యంత్రములోని విండోస్‌కు సరిపడదని తెరపై వ్రాసెను. చూడగా అది విండోస్ 7 కొరకు చేసిన డిస్కు. మా యంత్రములోనిది విండోస్ 10. ఒక రోగమునకు వ్రాసిన మందు మరియొక రోగమునకు పనికిరానట్లే, ఏ విండోస్‌కు ఆ డిస్కే కావలెను. అంతేకాదు, పాత యంత్రములలో 32 బిట్, 64 బిట్ అను రెండు జాతులు కలవు, అవియు సరిపోవలెను. మీ యంత్రము బాగుగా నున్నపుడే సెట్టింగ్స్‌లో సిస్టమ్ అను శీర్షిక క్రింద అబౌట్ అను పుట తెరచి, అది ఏ విండోస్, ఎన్ని బిట్‌లదో ఒక కాగితముపై వ్రాసికొనుడు.

అప్పుడా పిల్ల, “చిన్నమ్మా, సరియైనది మనమే చేసికొందము, దీనికి ఖర్చు పెన్‌డ్రైవు వెలయే” అని తన ల్యాప్‌టాప్ తెచ్చెను. ఆమె చేసిన పద్ధతి ఇది. మైక్రోసాఫ్ట్‌వారి సొంత చోటునుండి మీడియా క్రియేషన్ టూల్ అను చిన్న సాధనమును దించెను. ఇది ఉచితము. 8 జీబీకి తక్కువ కాని ఖాళీ పెన్‌డ్రైవును తగిలించి, ఈ యంత్రమునకు గాక వేరొక యంత్రమునకు కావలెనని తెలిపి, పెన్‌డ్రైవు గుర్తును ఎన్నుకొనెను. అది నాలుగు జీబీలకు పైబడిన సామగ్రిని దించుకొని పెన్‌డ్రైవులో తానే అమర్చెను. మా యింటి నెట్టుతో దాదాపు మూడు గంటలు పట్టెను. ఆ పెన్‌డ్రైవులో ముందున్నవన్నియు చెరిగిపోవును గనుక, పిల్లల ఫొటోలున్నదానిని పొరపాటున తగిలింపరాదు. బజారులో నూరు రూపాయలకు అన్ని విండోస్‌లును ఒక్కటిగా కలిపితిమని అమ్ము డిస్కులు దొరకును. వానిని కొనవలదు. ఎవరు చేసిరో, అందేమి కలిపిరో తెలియని మందును బిడ్డకు పోయుదుమా?

ఇక వాడుక. పెన్‌డ్రైవును తగిలించి మీట నొక్కినంతమాత్రమున యంత్రము దానివైపు చూడదు. అలవాటుగా తన డిస్కునే వెదకును. కనుక మీట నొక్కిన వెంటనే, కంపెనీ గుర్తు కనబడుచుండగనే, ఒక ప్రత్యేకపు మీటను పలుమార్లు తట్టవలెను. డెల్, లెనోవో, ఏసర్ యంత్రములలో సాధారణముగ ఎఫ్12. హెచ్‌పీ యంత్రములలో ఎఫ్9. అప్పుడు దేనినుండి లేవవలెనని యంత్రము ప్రశ్నించును. పెన్‌డ్రైవు పేరును చూపవలెను. పిమ్మట భాష నడిగి, నడుమ “ఇన్‌స్టాల్ నౌ” అను పెద్ద మీట చూపును. సోదరీమణులారా, ఇచ్చటనే జాగ్రత్త! అది క్రొత్తగా కాపురము పెట్టించు మీట. తెలియక దాని వెంటబోయి, కనబడిన ప్రశ్న కెల్ల ఔనన్నచో పాత సామాను బయటపడును. మనకు కావలసినది తెర యెడమవైపున క్రింద చిన్న అక్షరములతో నుండు “రిపేర్ యువర్ కంప్యూటర్” అనునది.

దానిని నొక్కి, ట్రబుల్‌షూట్ అను దానిలోనికి పోయినచో మరమ్మతు సాధనములన్నియు వరుసగా కనబడును. మా పొరుగింటి పిల్ల మొదటనే స్టార్టప్ రిపేర్ అనుదానిపై చేయి వేయబోయెను. నేనామె చేయి పట్టుకొని, “మరమ్మతు తరువాత, ముందు పాటలు” అంటిని. ఇల్లు కూలుచున్నపుడు గోడకు మట్టి మెత్తుదుమా, తొట్టిలోని బిడ్డను తెచ్చుకొందుమా? మరమ్మతు డిస్కుపై వ్రాయు పని. తీయుట చదువు పని మాత్రమే. చెడుచున్న డిస్కుపై వ్రాయబోయిన, ఉన్నదియు చెడవచ్చును.

అప్పుడామెకు తన గురువు చూపిన యుపాయ మొకటి జ్ఞప్తికి వచ్చెను. ఆ సాధనములలో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లతెర కలదు. దానిలో “నోట్‌ప్యాడ్” అను మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి ఎంటర్ నొక్కగా, చిట్టాలు వ్రాసికొను చిన్న పుస్తకము తెరచుకొనును. అందు ఫైల్, ఓపెన్ అని పోయి, క్రింద “ఆల్ ఫైల్స్” అని మార్చినచో, యంత్రములోని సంచులన్నియు కనబడును. యూజర్స్ అను సంచిలో మన పేరు, అందు డాక్యుమెంట్స్. సీ అనుకొన్న భాగము ఇచ్చట డీ యని కనబడవచ్చును, భయపడనక్కరలేదు. కావలసిన సంచిపై మౌసు కుడిమీట నొక్కి కాపీ యని, రెండవ పెన్‌డ్రైవును తెరచి పేస్ట్ అనవలెను. ఎంత ముగిసినదో చూపు గీత ఇచ్చట కనబడదు. తెర కొయ్యబారినట్లు నిలిచిపోవును. ఓపికతో నుండవలెను. మేము కదలక కూర్చుంటిమి. పొయ్యిమీది పప్పు మాడెను, ఎవ్వరును లేవలేదు.

కొంతసేపటికి తెర కదలెను. నేను ఆ రెండవ పెన్‌డ్రైవును పిల్ల ల్యాప్‌టాప్‌లో పెట్టించి తెరచి చూచితిని. మొదటి పాట కనబడెను. నూట పండ్రెండవదియు కనబడెను. మామగారు గుమ్మమున నిలిచియుండిరి. “దొరికినయా బిడ్డా?” అనిరి. “దొరికినవి మామా” అంటిని. ఆయన మారుమాటాడక పెరటిలోనికి పోయిరి.

పాటలు చేతికి వచ్చిన పిదపనే మరమ్మతునకు దిగితిమి. స్టార్టప్ రిపేర్ కొంతసేపు వెదకి, తనవలన కాదని చెప్పెను. ఇది తరచుగా జరుగునదే. దానితో ఆశ వదలుకొనరాదు. నడుమ తెగిన నవీకరణమే యీ రోగమునకు మూలమని మాకు తెలియును గనుక, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అను సాధనముతో కడపటి నవీకరణమును తొలగింపించితిమి. పెన్‌డ్రైవు తీసి మీట నొక్కగా యంత్రము సుఖముగా లేచెను. అదియు పనిచేయనిచో సిస్టమ్ రిస్టోర్ అనుదానితో వెనుకటి యొక మంచి దినపు స్థితికి మరలించుట కలదు. రీసెట్ అనునది అన్నిటికంటె కడపటిది. అందును “కీప్ మై ఫైల్స్” అనుదానిని ఎన్నుకొనవలెను. మరియొకటి అంతయు తుడిచివేయును.

ఇట్టి యవస్థ మావంటి యిండ్లకే కాదు, మహాసంస్థలకును కలిగినది. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణసాధనపు కంపెనీ పంపిన నవీకరణములో దోషముండుటచే, లోకమంతట దాదాపు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర చూపి మేల్కొనక పోయెను. విమానములు నిలిచెను, ఆసుపత్రులు, బ్యాంకులు చిక్కుపడెను. ఆనాడు మన హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులిచ్చిరి. అట్టి పాసు చిత్రము దేశమంతయు చూచినది. దోషము ఒక చిన్న ఫైలులో నుండెను. దానిని తీసివేసిన చాలును. కాని యంత్రము లేచిననే కదా తీయుట! అందుచేత మనుష్యులు ఒక్కొక్క యంత్రము వద్దకు పోయి, దిద్దవలసి వచ్చెను. మైక్రోసాఫ్ట్‌వారు పెన్‌డ్రైవులో పెట్టి వాడుకొను మరమ్మతు సాధనమును ఆ యాపద తరువాత విడుదలచేసిరి. ఎంతటి సంస్థకైనను చివరకు దిక్కైనది చేతిలో పట్టు చిన్న డిస్కే.

ఆనాడు బయటపడిన మరియొక చిక్కు మన యిండ్లకును వర్తించును. క్రొత్త యంత్రములలో పెక్కింట డిస్కులోని వ్రాతలన్నియు రహస్యలిపిలో నుండును. దొంగ యెత్తుకొనిపోయినను చదువలేకుండుటకై యీ యేర్పాటు. దీనినే బిట్‌లాకర్ అందురు. రిపేరు డిస్కుతో లేపినపుడు యంత్రము మనలను గుర్తింపక, 48 అంకెల సంకేతమును అడుగును. అది లేనిచో డిస్కు ఎంత మంచిదైనను లోపలి వ్రాతలు తెరచుకొనవు, దుకాణమువాడును తెరవలేడు. యంత్రము కొన్నపుడు ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ సంకేతము సాధారణముగ దాచబడి యుండును. నేడే దానిని చూచి, కాగితముపై తప్పులేకుండ వ్రాసి, ఒకరు చదువగా మరియొకరు సరిచూచి, భూమి పాసుపుస్తకములున్న పెట్టెలో పెట్టుడు. దానిని ఆ కంప్యూటరులోనే వ్రాసిపెట్టుట వృథాయని వేరే చెప్పనక్కరలేదు.

డిస్కు పనికిరాని సందర్భములును కలవు. మీట నొక్కినను దీపమైనను వెలుగనిచో దోషము కరెంటు త్రోవలో నున్నది. లేచిన కొద్దిసేపటికి వేడెక్కి ఆగిపోవుచున్నచో లోపలి పంకాను చూడుడు. మా బొగ్గుగనుల ఊళ్లలో దుమ్ము తులసికోటపై, ఆరవేసిన చీరలపై వలెనే యంత్రపు పంకాపైనను పేరుకొనును. ఆరు నెలల కొకసారి, తీగ ఊడదీసి, పెట్టె తెరచి, మెత్తని కుంచెతో తుడువవలెను. ఇక డిస్కునుండి టిక్కు టిక్కుమను శబ్దము వచ్చుచున్నచో తక్షణమే యంత్రమును ఆపుడు. అది డిస్కు విరుగుచున్న గుర్తు. అప్పుడు మరమ్మతు సాధనములను నడుపరాదు; లోపలివి విలువైనవైనచో వ్రాతలను తీయుటయందే నేర్పరులైనవారికి అప్పగింపవలెను.

ఆ రాత్రి భోజనములవేళ మామగారు తమ గని సంగతి చెప్పిరి. భూగర్భమున దిగు ప్రతి కార్మికుడును నడుమునకు సెల్ఫ్ రెస్క్యూయర్ అను చిన్న డబ్బాను కట్టుకొనవలెను. గనిలో నిప్పంటుకొన్నచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగులేదు, వాసనలేదు. ఆ డబ్బాను నోట కరచుకొన్నచో బయటికి నడచి వచ్చునంతసేపు ప్రాణము నిలుచును. బరువని యెవరైన దానిని పైననే వదలి దిగబోయినచో మామగారు చెప్పెడి మాట ఒకటి కలదట: “నడుముకు లేని డబ్బా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే బిడ్డా.” మా రామగుండము ప్రాంతమున సింగరేణివారి గని రక్షణ కేంద్రమున్నది. అచటి రక్షకులు ప్రమాదము లేని దినములందే ముక్కునకు నోటికి యంత్రములు తగిలించుకొని అభ్యాసము చేయుచుందురు. ప్రమాదము వచ్చిన దినమున నేర్చుకొందమన్న, అప్పుడు నేర్పువాడును ఉండడు, నేర్చువాడును ఉండడు.

నాకు కలిగిన జ్ఞానోదయ మంతయు ఇందులోనే యున్నది. మాకు పొరుగింటి పిల్లయు, ఆమె ల్యాప్‌టాపును ఉండుటచే సరిపోయెను. ఇంటిలో నున్నది ఒక్కటే యంత్రమై, అదియే పడిపోయినచో, డిస్కును దేనితో చేసికొందుము? రిపేరు డిస్కు యంత్రము ఆరోగ్యముగ నున్న దినమున చేయవలసిన వస్తువు. విండోస్‌లోనే వెదకు పెట్టెలో రికవరీ డ్రైవ్ అని వ్రాసినచో దానిని చేయు సాధనము తెరచుకొనును. దీనికి 16 జీబీ లేక అంతకు పెద్దదియైన పెన్‌డ్రైవు మేలు. ఒకసారి చేసి మరచుటయు తగదు. యంత్రము మారుచుండును గనుక ఏటేట క్రొత్తగ చేయుమని మైక్రోసాఫ్ట్‌వారే చెప్పుచున్నారు. విండోస్ 10కు వారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ సహాయమును ముగించిరి. అట్టి పాత యంత్రము లింకను వాడువారికి ఈ జాగ్రత్త రెట్టింపు కావలెను.

ఇంకొక మాట. రిపేరు డిస్కు యంత్రమును లేపును. కాని విరిగిన డిస్కులోని పాటలను అది మరల పాడలేదు. ఆ దినమున మా డిస్కు విరుగలేదు. విరిగినది ప్రారంభపు గొలుసు మాత్రమే. అది మా యదృష్టము. అదృష్టమును నమ్ముకొని కాపురము చేయరాదు. కావున విలువైన వ్రాతలకు రెండవ ప్రతి వేరొకచోట నుండవలెను. అది లేనిది ఏ మరమ్మతును సంపూర్ణము కాదు.

ఇప్పుడు మా యింట నొక రేకుడబ్బా కలదు. మా అత్తగారు తమలపాకులు పెట్టుకొన్న డబ్బా అది. దానిలో మూడు వస్తువులు: యంత్రము పేరు, తేదీ అంటించిన రిపేరు పెన్‌డ్రైవు, ఏ మీట తట్టవలెనో, ఏ దారిన పోవలెనో నా చేతివ్రాతతో తెలుగులో వ్రాసిన చీటి, పాటల రెండవ ప్రతి. మూడవ ప్రతిని నా యాడుబిడ్డ తన యింటికి కొనిపోయినది. బ్యాటరీపెట్టెకు క్రొత్త బ్యాటరీయు వేయించితిని. ఏటేట పెత్రమాసనాడు, అనగా పెద్దలను తలచుకొని, ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుకొను దినమున, ఆ పెన్‌డ్రైవును క్రొత్తగ చేయవలెనని నియమము పెట్టుకొంటిని. ఈ యేడు ఆ దినమున ఉదయము డిస్కు చేసితిని. సాయంకాలము ఆటలో, ఇంతవరకు మా వాడలో ఎవరును ఎరుగని పాట నొకదానిని అత్తగారి చిట్టానుండి తీసి పాడితిని. పదిమంది ఆడవారు చప్పట్లతో దానిని అందుకొనిరి.

సోదరీమణులారా, మీ యింటి పెట్టెలో ఏమున్నదో మీకే తెలియును. ఈ సంచిక మూసి లేచిన పిదప, యంత్రము బాగుగా నున్న యీ దినముననే, ఒక పెన్‌డ్రైవు తెప్పించుడు. చీకటి పడకమునుపే అగ్గిపెట్టె చేతికందుచోట నుంచుకొందము.